లెక్క అడిగితే పాస్‌వర్డ్ అడుగుతరా?

2021 ఫిబ్రవరి 10న హాలియాల పెద్ద సభ. సాగర్ ఉప ఎన్నిక ముంగిట నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరాల మూట విప్పిండు. నల్లగొండ జిల్లాల ప్రతి గ్రామ పంచాయతీకి 20 లక్షలు, మండల కేంద్రానికి 30 లక్షలు అన్నడు. చప్పట్లు మోగినయి. బాగనే ఉంది. ఆ పైసలు ఏ ఊరికి ఎన్నడు వచ్చినయి? ఏ పనికి పోయినయి? బిల్లు ఎవరు ఎత్తుకున్నరు? ఊరి పేరు కొడితే వరుసపెట్టి కనిపించాలె కదా! మేం అడిగేది గంతే.

అదే ఏడాది ఆగస్టుల దళితబంధు జీవో ఏదని హైకోర్టుల వ్యాజ్యం పడ్డది. జీవోలన్నీ 24 గంటల్ల వెబ్‌సైట్‌ల పెట్టాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల మన సర్కారు ఉత్తర్వు మనం చూసేందుకు కోర్టు మెట్లెక్కాలె! ఇంతకన్న సిగ్గుచేటు ఏముంటది?

లెక్కలు దాస్తే ఏమైతదో తెలంగాణకు ఎవరూ నేర్పనక్కర లేదు. తెలంగాణ మిగులు తెలంగాణకే ఖర్చు పెట్టాలని 1956 పెద్దమనుషుల ఒప్పందం చెప్పింది. ఎంత మిగిలిందో తేల్చేందుకు 1969ల విద్యార్థులు రోడ్డెక్కినంక గాని కుమార్ లలిత్‌కు, ఆ వెనుక జస్టిస్ భార్గవ కమిటీకి పని పడలేదు. 610 జీవో వచ్చింది 1985 డిసెంబర్ 30న. దాని అమలు ముచ్చట చూడుమని గిర్‌గ్లానీ కమిషన్ వేసింది 2001ల. నిధులైనా నియామకాలైనా, దోపిడీ మొదలయ్యేది బీరువాకు తాళం పడ్డ కాడనే.

కూలోని లెక్కకు మాత్రం ఏ తాళమూ లేదు. 2006ల ఉపాధి హామీ మొదలైన తొలివిడత జిల్లాల్ల నల్లగొండ ఒకటి. కూలి పేరు, జాబ్ కార్డు నంబరు, పని చేసిన రోజులు, ముట్టిన రూపాయలు అన్నీ వెబ్‌సైట్‌కెక్కినయి. ఆ కాగితాలే పట్టుకొని ఊరూర సామాజిక తనిఖీ చేసిండ్రు. దొంగ మస్టర్లు పట్టిచ్చిండ్రు, మింగినోళ్ల తోటి కక్కిచ్చిండ్రు. మంచిదే. గడ్డపార పట్టినోని రూపాయి లోకమంత చూడొచ్చు గని, కోట్ల కాంట్రాక్టరు బిల్లు మాత్రం రాజరహస్యమా?

ఎస్‌ఎల్‌బీసీ సొరంగమే చూడుండ్రి. ఫ్లోరైడ్‌తోటి బొక్కలు వంగిన నల్లగొండకు కృష్ణా నీళ్లు తెస్తమని తలపెట్టింది, దాదాపు 44 కిలోమీటర్లు. 2005ల పని అప్పజెప్పిండ్రు, 2010కల్లా కావాలన్నరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు పైకప్పు కూలి 8 మంది కార్మికులు లోపల్నే ప్రాణాలిడిసిండ్రు. పొట్టచేత పట్టుకొని వచ్చిన పరరాష్ట్రపు బిడ్డలు. గడువు ఎన్నిమార్లు జరిపిండ్రు, ప్రతిమారు ఏ కారణం రాసిండ్రు, సంతకం ఎవరిది, అంచనా ఎంత పెంచిండ్రు, అడ్వాన్సు ఎంత ముట్టజెప్పిండ్రు? ఆ ఇరవై ఏండ్లల్ల తొమ్మిదేండ్లు వలస పాలకులవి. కడమవి మనోళ్లవే. ఇద్దరినీ ఒకే తీరుగ నిలదీస్తం, మాకు మొహమాటం లేదు.

2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడగకముందే చెప్పుమంటది. పైసల కేటాయింపు, చెల్లింపు మీ అంతల మీరే బయటపెట్టుండ్రి అంటది. చట్టం ఉంది, కంప్యూటర్ ఉంది, ఇంజనీరింగ్ చదివి ఖాళీగ కూసున్న మన పోరగాళ్లు వేలల్ల ఉన్నరు. లేనిది మనసే. పెట్టినా ఏం పెడుతరు? వంకరగ స్కాన్ చేసిన ఇంగ్లీషు కాగితం, అది తెరుచుకునేసరికి తెల్లారుతది.

ఉద్యోగ మిత్రులారా! 2011 సకల జనుల సమ్మెల 42 రోజులు కలం కింద పెట్టిన చేతులు మీవి. ఆ ఫైళ్లు మీ టేబుళ్ల మీదికెళ్లే పోతయి. విద్యార్థులారా! ఒక్కో పంచాయతీ పేరున ఒక్కో దరఖాస్తు రాయుండ్రి. ముందుగాల హాలియా సభల చెప్పిన పైసల జీవోలు, పంచాయతీల వారీగ విడుదలైన సొమ్ము. ఆ వెనుక సొరంగం గడువు పొడిగించిన ఉత్తర్వులన్నీ. తెలుగుల, వెతికితే దొరికేటట్టు పెట్టాలె. నెట్టు తెల్వని ముసలవ్వ కోసం అవే అంకెలు పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలల్ల రాయాలె.