ప్యాకేజీ

మొన్న సెలవుల్లో మా సీనియర్ ఒకాయన థాయిలాండ్ వెళ్లొచ్చాడు. వారం రోజులు మా వాట్సాప్ గ్రూపు నిండా ఆయన వీడియోలే. స్పీడ్ బోటు, చిన్న జెండా పట్టుకుని ముందు నడిచే గైడు, ఒక్క రోజులో నాలుగు దీవులు, మధ్యలో భోజనం. మా దగ్గర అంత సీన్ లేదు. ఐదుగురం వీపులకి బ్యాగులు తగిలించుకుని ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాం. రాముడి దర్శనం అయ్యాక మర్నాటికి పాపికొండల ప్యాకేజీ మాట్లాడుకున్నాం. బోటు, గైడు, భోజనం అన్నీ కలిపే. ఆలోచిస్తే ఆయన ట్రిప్పుకీ మాదానికీ నీళ్ల రంగులో తప్ప పెద్ద తేడా లేదు.

ట్రిప్పు బాగానే జరిగింది. కొండలు నిజంగానే బాగుంటాయి, ఎవరేమన్నా వెళ్లి చూడండి. అయినా నాకొక కంప్లయింట్ ఉంది. అందులో సగం నా మీదే.

మా ఐదుగురిలో ఒకడిది వేలేరుపాడు వైపు ఊరు. కోయ పిల్లాడు, నా రూమ్మేట్. పేరు రాయొద్దన్నాడు, రాయను. బుకింగ్ దగ్గర మేం "ప్యాకేజీ ఎంత, ప్యాకేజీలో ఏమేం వస్తాయి" అని బేరాలాడుతుంటే వాడు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఏంట్రా అంటే, "మా ఊళ్లో ఈ మాట పొద్దున లేస్తే వినపడుద్ది రా. ఎవరికి ప్యాకేజీ వచ్చింది, ఎవరికి రాలేదు, లిస్టులో పేరుందా లేదా. మా అమ్మమ్మకి చదువు రాదుగానీ ఆ మాట వచ్చు" అన్నాడు. పోలవరం ముంపు ఊళ్లలో ప్యాకేజీ అంటే పునరావాస పరిహారం. మాకు ఒక రోజు విహారం, వాళ్లకి ఒక జీవితం ఖరీదు. ఇద్దరికీ ఒకటే మాట.

పొద్దున వ్యాను ఎక్కిన కాసేపటికే రాష్ట్రం మారిపోయింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉంది. 2014లో పోలవరం కోసం ముంపు మండలాల్ని అటు కలిపినప్పుడు జరిగిన పని ఇది. రాముడి గుడి ఇటు, రాముడి భూములున్న పురుషోత్తపట్నం అటు. దేవుడికే సర్వే తప్పలేదు, మనమెంత. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసేచోటు దాటి, పోచవరంలో బోటెక్కేసరికి బాగా పొద్దెక్కింది.

ఇక మైకు మొదలైంది. గైడు అన్న మంచివాడే, నవ్వించాడు. ఆడవాళ్ల పాపిట లాగా నది కొండల్ని విడదీస్తుంది కాబట్టి పాపిడి కొండలు, అవే పాపికొండలు అయ్యాయని చెప్పాడు. ఏ సినిమా ఎక్కడ తీశారో చెప్పాడు. 'అందాల రాముడు', శేఖర్ కమ్ముల 'గోదావరి' పేర్లు రాగానే బోటంతా ఈలలు. తర్వాత పాటలు పెట్టి డాన్సులు. ఒడ్డున ఊళ్లు వెళ్లిపోతున్నాయి. రెండు గంటల్లో ఒక్క ఊరి పేరు కూడా మైకులో వినపడలేదు. వినపడిన ఒక్కమాట, "అదిగో, ఆ కొండల్లో ఆదివాసీలుంటారు, వాళ్లకి బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు."

మా వాడు కాలేజీ హుడీ వేసుకుని నా పక్కనే కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోను, అందులో సిగ్నల్ పోయిందన్న బాధ. వాడికి డేటా స్ట్రక్చర్స్‌లో నాకంటే ఎక్కువ మార్కులు. నేను వాడి మొహం చూశాను. వాడు నది చూస్తున్నాడు. నేను లేచి "అన్నా, ఇక్కడ ఒకడున్నాడు" అనొచ్చు. అనలేదు. నా కంప్లయింట్‌లో నా సగం ఇది.

పేరంటాలపల్లిలో దిగాం. గుడి, వాగు, చల్లటి నీడ. మెట్ల పక్కన వెదురుతో చేసిన బుట్టలు, పూలు, పూలకుండీలు అమ్ముతున్నారు. గైడు "కోయవాళ్లు చేస్తారు" అన్నాడు. అప్పుడు మాత్రం మా వాడు మాట్లాడాడు, మెల్లగా, నాతోనే. "కొండరెడ్లు రా వీళ్లు. మేం వేరే. మాకు మా భాష ఉంది. నీళ్లని ఏర్ అంటాం." ఏర్! మన తెలుగులో ఏరు ఉంది కదా, అది వాళ్ల దగ్గర నీళ్లే. మూడేళ్ల నుంచి ఒకే గదిలో ఉంటున్నాం, ఈ ఒక్కమాట నేను ఎప్పుడూ అడగలేదు.

గైడు మీద పడి ఏడవడం నా ఉద్దేశం కాదు. ఆయనకి ఎవరో రాసిచ్చిన స్క్రిప్టు అది, జనం ఈలలు వేసేచోట ఆయన ఆగుతాడు. టూరిజం మానేయాలని కూడా అనను. బోట్లు రాని రోజు ఆ వెదురు బుట్టలు ఎవరు కొంటారు? 2019 సెప్టెంబర్ 15న ఇదే నదిలో, కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల కొద్దీ ప్రాణాలు పోయాక చాలాకాలం బోట్లు ఆగాయి. ఆ రోజుల్లో ఒడ్డున బతికేవాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. (లైఫ్ జాకెట్ వేసుకోండి బాబూ. మా బోటులో సెల్ఫీ కోసం విప్పేసినవాళ్లు సగం మంది.)

మేం సివిల్ వాళ్లం సర్వేయింగ్ ల్యాబ్‌లో కాంటూర్లు గీస్తాం. పెన్సిల్ గీత, పక్కన ఒక అంకె. మా వాడి ఊళ్లో ముసలివాళ్లకి కూడా కాంటూర్ అంటే తెలుసు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, మొదటి దశ 41.15 మీటర్లు. 41.15 గీత కింద ఉంటే ముందు ప్యాకేజీ, పైన ఉంటే తర్వాత. వాళ్ల ఇల్లు గీతకి పైనుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది, 1986 నాటి 75.6 తర్వాత అంత నీళ్లు చూడటం అదే. గీతకి పైనున్న ఇల్లు కూడా మునిగింది. వీళ్లు గుట్టెక్కి టార్పాలిన్ కింద ఉన్నారు. వాడు ఇంటర్ సర్టిఫికెట్లు గోనెసంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని ఎక్కాడట. నాకు ల్యాబ్‌లో ఆ గీతకి పదికి తొమ్మిది వేశారు.

మైకులో ఇదంతా చెప్తే టూర్ చెడిపోతుందంటారా? నాకలా అనిపించదు. థాయిలాండ్‌లో మాయా బే అని ఒక బీచ్ ఉంది, హాలీవుడ్ సినిమా వల్ల ఫేమస్ అయింది. జనం తొక్కిడికి పగడపు దిబ్బలు పాడైపోతున్నాయని 2018లో దాన్ని మూసేసి, 2022లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు అక్కడి కథల్లో అదీ ఒకటి. మా సీనియర్ వీడియోలో గైడు అదే చెప్తున్నాడు, జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అక్కడ దిబ్బలకి దక్కిన రెండు నిమిషాల మైకు ఇక్కడ ఊళ్లకి ఎందుకు దక్కదు? ఆ ఊళ్ల నుంచే చదువుకున్న పిల్లలు బోలెడుమంది ఉన్నారు, మైకు వాళ్లకిస్తే పోయేదేముంది? ఏ ఊరు ఏది, ఇప్పపూలు ఎప్పుడు ఏరతారు, ఏ గట్టు దాకా నీళ్లొస్తాయి, వాళ్లు స్క్రిప్టు లేకుండా చెప్తారు. మన కాలేజీ ఏటా వేసే ఇండస్ట్రియల్ విజిట్ బస్సుల్లో ఒకటి ఇటు తిప్పినా చాలు. డ్యాం చూడ్డానికి ఎలాగూ వెళ్తున్నాం, డ్యాం వెనకాల ఏముందో కూడా చూద్దాం.

తిరిగొచ్చేటప్పుడు గైడు మైకులో "ఫస్ట్ టైం వచ్చినవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. అందరం ఎత్తాం. మా వాడు ఎత్తలేదు. "మీరు ఇంతకుముందు ఎప్పుడొచ్చారు తమ్ముడూ?" అని అడిగాడాయన.

"పుట్టినప్పుడు" అన్నాడు వాడు.

బోటంతా నవ్వింది, గైడు అన్న కూడా నవ్వి మళ్లీ పాట పెట్టాడు. కాసేపటికి పాట నడుస్తుండగానే వచ్చి మా వాడి పక్కన కూర్చున్నాడు. "ఏ ఊరు తమ్ముడూ?" మైకు పక్కన పెట్టి అడిగాడు. పోచవరం వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. స్పీకర్ హోరులో నాకు ఏమీ వినపడలేదు.