మొదటి కార్డు ఎంపీకి కాదు, మనోళ్లకు

అర్ధ రూపాయి కార్డు ముక్కతో ఏమైతదని నవ్వేటోళ్లు మనలోనే ఉన్నరు. చేతిల సెల్‌ఫోను పెట్టుకొని పోస్టు డబ్బా దాక ఎందుకు పోవాలని విద్యార్థి మిత్రులు అడుగుతున్నరు. ఎంపీలకు ఎన్ని వినతిపత్రాలు ఇయ్యలేదు, ఏం ఒరిగిందని ఉద్యోగ మిత్రులు పెదవి విరుస్తున్నరు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పుకోకుండా మళ్ల ఒక కార్డుల ఉద్యమం అంటే అది తంతుగానే మిగులుతది.

కాగితాల సంగతి తెలంగాణోళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. అది ఎట్ల తుంగలో కలిసిందో 1969 తరం నెత్తురుతోని చెప్పింది. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. అది అమలు కావాలని కొట్లాడుకుంటనే ఒక ఉద్యోగ తరం రిటైరైపోయింది. రాసిచ్చినోడు మరిచిపోతడు. రాయించుకున్నోడు వెంటబడకపోతే ఆ కాగితం చెత్తబుట్టకే పోతది.

మూడో కాగితం 2014 పునర్విభజన చట్టం. దాని 13వ షెడ్యూలు తీసి చదవండి. ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టడానికి వీలున్నదో లేదో సెయిల్ సంస్థ ఆరు నెలల్లో పరిశీలించాలని ఉన్నది. రైలు కోచ్ ఫ్యాక్టరీ మీద కూడ ‘పరిశీలించాలె’ అనే ఉన్నది. గిరిజన విశ్వవిద్యాలయం మీద మాత్రం ‘స్థాపించాలె’ అని రాసిండ్రు. స్థాపించాలన్న దానికే పార్లమెంటులో సవరణ బిల్లు పాస్ కావడానికి 2023 డిసెంబర్ దాక ఆగాల్సి వచ్చింది. అంటే తొమ్మిదేండ్ల పైన. కోచ్ ఫ్యాక్టరీ కోసం ఏండ్ల తరబడి అడిగినంక 2023 జులైలో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసిండ్రు. బయ్యారం ఉక్కు సంగతి? 2024 జూన్ 2 నాటికి రాష్ట్రానికి పదేండ్లు నిండినయి. బయ్యారంలో ఇటుక మీద ఇటుక లేదు. ‘పరిశీలించాలె’ అన్న ఒక్క మాట చాటున ఢిల్లీ పదేండ్లు దాక్కున్నది. ఆ చాటు నుంచి బయటికి గుంజేది ఎవరు?

ముందు మా తప్పు మేం ఒప్పుకుంటం. 2010లో శ్రీకృష్ణ కమిటీ తిరుగుతున్న రోజుల్లో మేం విద్యార్థులం. మేమూ కార్డులు రాసినం. ఒకే మాట అచ్చు కొట్టించి, కింద సంతకాలు పెట్టించి, కట్టలు కట్టి పంపినం. పొద్దు పోయినంక ఒక్కడే కూసొని పది పేర్లతోని రాసిన కార్డులూ అందులో ఉన్నయి. ఎన్ని పంపినమో పత్రికలకు చెప్పుకున్నం. ఎవరికి చేరినయి, ఎవరు జవాబిచ్చిండ్రు, ఇయ్యనోళ్లను మళ్ల ఎవరు అడిగిండ్రు? ఈ లెక్క మా దగ్గర లేదు. కార్డు డబ్బాలో పడంగనే మా పని అయిపోయిందనుకున్నం. నిజానికి పని అక్కడే మొదలు కావాలె.

ఈ పని పద్ధతిగ చేసినోళ్లు చరిత్రలో ఉన్నరు. ఇంగ్లండులో 1815 నుంచి ధాన్యం చట్టాలు ఉండేవి. బయటి దేశాల గోధుమలు చౌకగ రాకుండ అడ్డం పెట్టి, భూస్వాముల పంటకు ధర నిలబెట్టిన చట్టాలవి. రొట్టె పిరమై కూలోడి కడుపు మాడింది. పార్లమెంటు నిండ భూస్వాములే. వాటిని రద్దు చేయించడానికి మాంచెస్టర్‌లో రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ లాంటోళ్లు ఒక లీగ్ పెట్టిండ్రు. అప్పటిదాక అక్కడ ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి ఉండేది, ఎక్కువగా అందుకున్నోడే కట్టేది. రోలండ్ హిల్ అనే ఆయన ప్రయత్నంతో 1840 జనవరి 10 నుంచి దేశంలో ఏ మూలకైనా ఒక్క పెన్నీకే ఉత్తరం పోవుడు మొదలైంది. ఆ అగ్గువ తపాలాను లీగ్ ఆయుధం చేసుకున్నది.

ఎట్ల? ఎంపీలకు మొర పెట్టుకుంట కూసోలేదు. ఓటు హక్కు ఉన్నోళ్ల పేర్లు, అడ్రసులు పట్టుకొని వాళ్ల ఇండ్లకు కరపత్రాలు పంపిండ్రు. ఒక్క 1843లోనే పంచినవి 90 లక్షల పైన. చట్టం ఏంది, దాంతోని నీ ఇంటికి నష్టమేంది, నీ ఎంపీని ఏమడగాలె అన్నది ఓటరుకు ఎరుక చేసిండ్రు. ఆ ఓటరు పోయి ఎంపీ మెడమీద కూసున్నడు. 1846లో చట్టాలు రద్దయినయి. ఐర్లండు కరువు ఒక కారణం, ప్రధాని పీల్ సొంత పార్టీని కాదని నిలబడుడు ఇంకో కారణం. ఉత్తరాలే గెలిపించినయని మేం అనం. కాని గడియ వచ్చేసరికి జనం తయారుగ ఉన్నరంటే అందుల తపాలా పాత్ర ఉన్నది.

మనం నేర్వాల్సింది ఇదే. మొదటి కార్డు ఎంపీకి కాదు, మనోళ్లకు పోవాలె. రిటైరైన టీచరుకు, సింగరేణి కార్మికునికి, హాస్టల్ పిల్లగానికి, డ్వాక్రా సంఘం అక్కకు. 13వ షెడ్యూలులో ఏమున్నదో నాలుగు ముక్కల్లో చెప్పాలె. దాంతోపాటు ఒక ఖాళీ కార్డు, వాళ్ల ఎంపీ పేరు, అడ్రసు పంపాలె. రాసుడు వాళ్ల చేతులతోనే కావాలె. అచ్చు కార్డులు వెయ్యి పోయినా లెక్కల ఒక్కటే. సొంత చేతిరాతతోని వచ్చిన పది కార్డులు పది ఇండ్ల ఓట్లు. కింద పేరు, ఊరు, పిన్‌కోడు తప్పక ఉండాలె. ఆ ఆరు అంకెలు చూస్తేనే తన నియోజకవర్గం మనిషని ఎంపీకి తెలుస్తది. ఫోన్ల వచ్చిన మెసేజీ బొటనవేలుతోని పోతది. ఊరి పేరున్న ఉత్తరాన్ని చించాలన్నా ఒకసారి చూసి చించాల్సిందే.

ఇగ ఏం రాయాలె? ‘బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు’ అన్నది గోడ మీద నినాదం. కార్డు మీద పని చెప్పాలె. సెయిల్ ఇచ్చిన నివేదిక ఏంది, ఏ కారణంతోని కాదంటున్నరు, ఆ కారణం పోవాలంటే ఏం చేస్తరు? ఈ ప్రశ్న సభలో వేయమని అడగాలె. మంత్రి నోటితోని సభలో హామీ వస్తే అది రికార్డుల ఉంటది. ఆ హామీలు అమలైనయా లేదా చూసేటందుకు ఉభయ సభల్లో హామీల కమిటీలున్నయి. ప్రశ్నకు ముందుగాల నోటీసు ఇయ్యాలె కాబట్టి సమావేశాలు మొదలు కావడానికి నెల ముందే కార్డు చేరాలె. సభ నడుస్తున్నప్పుడు పోయిన కార్డు పెండ్లి అయినంక మోగిన బాజా.

ఇంకో మాట. తెలంగాణ నుంచి లోక్‌సభకు 17 మంది, రాజ్యసభకు ఏడుగురు. ఈ 24 మందితోనే పార్లమెంటు కదలదు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ మూజువాణి ఓటుతోని బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేసినయి. పక్క రాష్ట్రాల ఎంపీలు మద్దతియ్యబట్టే అయింది. మనోళ్లు భివండి మగ్గాల మీద, సూరత్ మిల్లుల్లో, ముంబై బస్తీల్లో తరాల నుంచి బతుకుతున్నరు. అక్కడ ఓట్లున్నోళ్లు అక్కడి ఎంపీకి రాయాలె. తెలుగుల రాస్తే ఆ ఎంపీ చదవలేడు, మరాఠీలనో హిందీలనో రాయించాలె. వలస పోయినోని ఓటు కూడ తెలంగాణకు పనికొచ్చే తొవ్వ ఇది.

ఆఖరికి, లెక్క పుస్తకం. ప్రతి మండలంలో ఒకరు పట్టాలె. ఎవరు, ఎవరికి, ఏ తారీఖున రాసిండ్రు, జవాబు వచ్చిందా? వచ్చిన జవాబును గ్రంథాలయంల, ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించాలె. రాకపోతే ఆ ఖాళీ గడినే అంటించాలె. ఓట్ల కోసం ఊరికి వచ్చిన రోజు ఆ ఎంపీ ముంగట ఈ పుస్తకం తెరవాలె.

రాష్ట్రం కార్డులతోని రాలేదు. 42 రోజుల సకల జనుల సమ్మెతోని, రోడ్ల మీద తిన్న లాఠీదెబ్బలతోని, పిల్లల ప్రాణాలతోని వచ్చింది. గంత ధర పెట్టి తెచ్చుకున్న చట్టంలో రాసిన మాటను అర్ధ రూపాయి కార్డుతోని అడగడానికి కూడ మనం బద్ధకిస్తే, తప్పు ఢిల్లీది ఒక్కదానిదే కాదు. ఈ వారం పోస్టాఫీసుకు పోండి. పది కార్డులు కొనండి. ఒకటి మీ ఎంపీకి రాయండి. తొమ్మిది మీకు తెలిసిన తొమ్మిది ఇండ్లకు పంపండి.

జై తెలంగాణ!