హిరోషిమా సాక్షులు – రేపటి పాఠము

జపాను ప్రభుత్వము అణుబాంబు బాధితులుగా గుర్తించి పత్రములిచ్చినవారిలో 2025 మార్చి నెలాఖరునకు జీవించియున్నవారు 99,130 మంది. ఈ సంఖ్య లక్షకు లోబడుట అదియే ప్రథమము. వారి సగటు వయస్సు 86 సంవత్సరములు దాటినది. 1945 ఆగస్టు 6న హిరోషిమాపైనను, 9న నాగసాకిపైనను బాంబులు పడిననాడు వీరిలో అనేకులు బడిపిల్లలు; కొందరు చంటిబిడ్డలు; మరికొందరు ఇంకను తల్లి గర్భముననే ఉన్నవారు. జపానీయులు వీరిని ‘హిబాకుషా’లందురు. ఆ దినమును కన్నులార చూచినవారు ఒక్కరును మిగులని కాలము సమీపించుచున్నది. అప్పుడు ఆ కథను ఎవరు చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను? శాంతిని పాఠముగా చెప్పదలచిన ఏ దేశపు ఉపాధ్యాయునికైనను ఇది ఆలోచింపదగిన ప్రశ్న.

ఈ సాక్ష్యము సులభముగా లభించినది కాదని మొదట గుర్తింపవలెను. 1945 ముగియునప్పటికే రెండు నగరములలో కలిపి సుమారు రెండు లక్షలకు పైగా జనులు మరణించిరని అంచనా. బ్రతికి బయటపడినవారికి నోరు విప్పు స్వేచ్ఛ లేకపోయినది. అమెరికా సేనల ఆధిపత్యమున ఉన్న జపానులో ఆ సెప్టెంబరు నుండి పత్రికలపై ఆంక్షలు అమలైనవి. బాంబు కలిగించిన ఘోరమును గూర్చి కొన్ని యేండ్లవరకు స్వేచ్ఛగా వ్రాయుటకు వీలులేకుండెను. ఆంక్షలు తొలగిన పిదపను లోకుల చూపు మారలేదు. బాధితులకు పుట్టు బిడ్డలు రోగిష్ఠులగుదురను భయముచే పెండ్లి సంబంధములు తప్పిపోయెడివి. ఉద్యోగములు దొరకుట దుర్లభమయ్యెడిది. కన్నబిడ్డలకు సైతము తమ గతమును చెప్పక దాచుకొన్నవారు పెక్కుమంది. కావున నలుగురిలో నిలిచి తాను హిబాకుషానని చెప్పుకొనుటకు ఎంత ధైర్యము కావలసియుండెనో ఊహింపవచ్చును.

ఆ మౌనము చెదరుటకు 1954 మార్చి 1న బికినీ దీవివద్ద అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష కారణమైనది. విషపు బూడిద ‘దైగో ఫుకుర్యు మారు’ అను జపాను చేపల ఓడపై కురిసినది. అందలి 23 మంది నావికులు వ్యాధిగ్రస్తులైరి; వారిలో ఒకరు ఆ సెప్టెంబరులో మరణించిరి. పరీక్షలు మానవలెనని జపాను ప్రజలు మూడు కోట్లకు పైగా సంతకములు సేకరించిరి. ఆ యేడు ఏప్రిలులో జవహర్‌లాల్ నెహ్రూ కూడ పరీక్షలను నిలుపుటకు ఒడంబడిక కావలెనని లోక్‌సభలో కోరెను. 1957లో హిరోషిమాను స్వయముగా దర్శించెను. ఈ కదలిక నడుమ, 1956 ఆగస్టు 10న, నాగసాకిలో బాధితుల సంఘమైన ‘నిహోన్ హిదాంక్యో’ అవతరించినది. యుద్ధమును నడిపిన ప్రభుత్వము నష్టపరిహారమీయవలెననియు, అణ్వస్త్రములు సమూలముగా నశింపవలెననియు అది కోరినది. ప్రతీకారమను మాట ఆ కోరికలలో లేదు.

ఈ వృద్ధుల మాట వృథా కాలేదు. 2017లో ఐక్యరాజ్యసమితి సభలో 122 దేశములు అంగీకరించిన అణ్వస్త్ర నిషేధపు ఒడంబడిక తన పీఠికలోనే హిబాకుషాల వేదనను పేర్కొన్నది. శాంతి, నిరాయుధీకరణ విద్యల ఆవశ్యకతను కూడ చెప్పినది. 2021 జనవరి 22న అది అమలులోనికి వచ్చినది. 2024లో నిహోన్ హిదాంక్యోకు నోబెల్ శాంతి బహుమానము లభించినది. దానిని పురస్కరించుకొని ఓస్లో నగరమున ప్రసంగించిన తెరుమి తనాకా నాగసాకి బాంబునాటికి పదమూడేండ్ల బాలుడు. ఆయన బంధువు లైదుగురు ఆ బాంబునకు బలియైరి. ప్రసంగించునప్పుడు ఆయన వయస్సు 92.

అయినను లోకములో నేటికిని సుమారు 12,000 అణ్వస్త్రములు కలవు. వానిని ధరించిన తొమ్మిది దేశములలో ఏ ఒక్కటియు ఆ ఒడంబడికలో చేరలేదు. భారతదేశము ఆ తొమ్మిదింటిలో ఒకటి. అమెరికా రక్షణపై ఆధారపడిన జపాను సైతము సంతకము చేయలేదు. బాధితులను గౌరవించుట ఒకటి, వారి కోరికను చెల్లించుట వేరొకటి. బడిలో చెప్పు పాఠమునకును ఈ తేడా వర్తించును.

హిరోషిమా నగరములోనే జరిగిన విషయ మొకటి ఇందుకు నిదర్శనము. నకజావా కేయిజి ఆరేండ్ల ప్రాయమున బాంబువాత పడి, తండ్రిని, తోబుట్టువులను కోల్పోయినవాడు. ఆయన 1973లో ఆరంభించిన బొమ్మల కథ ‘హదాషి నో గెన్’. నగర విద్యామండలి ఆ కథలోని ఘట్టములను తన శాంతి పాఠ్యగ్రంథము నుండి 2023లో తొలగించినది. ఆకలిగొన్న తల్లికై బాలుడు పరుల కొలనులోని చేపను దొంగిలించుట వంటివి నేటి పిల్లలకు సరిగా బోధపడవని అధికారులు తలచిరి. చేపల ఓడ ప్రస్తావనయు తొలగినది. శాంతి పాఠము మాత్రము మానలేదు. అధికారుల ఇబ్బంది కొంత అర్థము చేసికొనదగినదే. తరగతి గంట చిన్నది, బాలుర అనుభవము వేరు. కాని ఆ బాలుడు దొంగ ఎందుకైనాడను ప్రశ్నలోనే యుద్ధమనగా నేమో తెలియును. పిల్లలకు బోధపడని చోటనే గురువు అవసరము హెచ్చు.

అదే నగరములో ఆశ కలిగించు ప్రయత్నములును ఉన్నవి. 2007 నుండి మోతోమాచి ఉన్నత పాఠశాల విద్యార్థులు బాధితుల చెంత కూర్చుండి, వారు చూచినదానిని తైలవర్ణ చిత్రములుగా వ్రాయుచున్నారు. ఒక్కొక్క చిత్రమునకు నెలల తరబడి కాలము పట్టును. నాటి ఆకాశపు రంగెట్టిది, కాలిన చేయి ఎట్లు వ్రేలాడినది అని అడుగక ఆ బొమ్మ సాగదు. 2012 నుండి నగరపాలకులు, బాధితుల అనుభవమును వారి వద్దనే అభ్యసించి ఇతరులకు చెప్పగల వారసులను తయారుచేయుచున్నారు. శ్రద్ధగా వినినవాడు తాను చూడనిదానికి సైతము బాధ్యత వహింపగలడని ఈ రెండును రుజువు చేయుచున్నవి.

ససాకి సదాకో అను బాలిక కాగితపు కొంగలను చేయుచు 1955లో పండ్రెండేండ్లకే రక్తపు క్యాన్సరుతో మరణించినది. ఆమె స్మృతిచిహ్నము 1958లో వెలసినదనినచో అందుకు మూలము ఆమె తోడి విద్యార్థుల పూనికయే. ఆగస్టు 6న తరగతిలో కొంగలు చేయించు ఉపాధ్యాయుడు ఆ పిల్లల పూనికను కూడ చెప్పవలెను. రెండేండ్ల వయస్సున ఆమెపై పడిన బాంబు పదేండ్ల తరువాత ఆమె నెట్లు చంపెనో వివరింపవలెను. అట్టి బాంబులు నేడు ఎవరి వద్ద ఎన్ని కలవో నల్లబల్లపై వ్రాయవలెను. తమ దేశము పేరు వచ్చినప్పుడు సుద్దముక్కను ఆపరాదు. అవి యెందుకని ఒక విద్యార్థి లేచి అడిగినచో, ఆ ప్రశ్నకు ఆనాటి గంట అంతయు ఇచ్చుట మేలు.