పిల్లల ఫోన్‌కు తాళం వేద్దాం – చాటుగా కాదు, చెప్పి వేద్దాం!

తల్లులారా! తండ్రులారా! ఇంట్లో మనవళ్లను, మనవరాళ్లను చూసుకుంటున్న పెద్దలారా!

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆన్‌లైన్ క్లాసులన్నారు. అప్పు చేసైనా ఫోన్ కొన్నాం, నెలనెలా రీఛార్జ్ చేయించాం. బడులు తెరుచుకున్నాయి, ఫోన్ మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తోంది. డౌట్ వస్తే యూట్యూబ్, తీరిక దొరికితే రీల్స్, దోస్తులు కలిస్తే ఫ్రీ ఫైర్ మ్యాక్స్. ‘ఫోన్ లాగేసుకోండి’ అని సలహా ఇవ్వడం తేలికే. సాయంత్రం లాక్కున్న ఫోన్‌ను పొద్దున్నే మళ్లీ మనమే ఇస్తున్నాం.

అందుకే ఈ కరపత్రం మిమ్మల్ని ఒక్క పని అడుగుతోంది. ఈ వారంలో మీ ఇంట్లో పిల్లలు వాడే ప్రతి ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్ పెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లకు చెప్పి పెట్టండి.

ఈ రాత్రే ఈ మూడూ చూడండి

ఒకటి: పుట్టిన సంవత్సరం. జీమెయిల్, ఇన్‌స్టాగ్రామ్ తెరిచేటప్పుడు వయసు దగ్గర ఆగిపోతే, మనమో, ఫోన్ అమ్మిన షాపులో అబ్బాయో 1995 అని కొట్టేసి ముందుకెళ్లిపోయాం. ఇప్పుడు ఆ ఫోన్ లెక్కలో మీ ఐదో తరగతి పిల్ల ముప్ఫై ఏళ్ల మనిషి. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్లు మన దేశానికి 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. 18 ఏళ్లలోపు వాళ్ల అకౌంటు దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 లోపు పిల్లలు ఈ కట్టుబాట్లను సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. ఇవన్నీ ఉచితమే, కానీ వయసు తప్పు రాస్తే ఒక్కటీ పనిచేయదు. అసలు 13 నిండనివాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ సొంతంగా అకౌంటు తెరవకూడదని ఆ కంపెనీలే చెబుతున్నాయి.

రెండు: యూపీఐ పిన్. అమ్మ కూరగాయల బండి దగ్గర నొక్కే అంకెలను పక్కన నిలబడ్డ పిల్లాడు ఒక్కసారి చూస్తే చాలు, కంఠతా వచ్చేస్తాయి. గేములో డైమండ్లు కొనడానికి అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఇవాళే పిన్ మార్చండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

మూడు: యాప్ ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో చట్టాలు తెచ్చి నిషేధించాయి. అయినా అలాంటివి వాట్సాప్, టెలిగ్రామ్ లింకుల్లో ఏపీకే ఫైళ్లుగా, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా వేసుకునే యాప్‌లుగా, వస్తూనే ఉన్నాయి. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చిన ఏపీకే నొక్కి బ్యాంకు ఖాతా ఖాళీ అయినవాళ్ల వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. పెద్దవాళ్లకే తప్పని ముప్పు పిల్లలకు తప్పుతుందా? ప్లే స్టోర్‌లో లేని యాప్ పిల్లల ఫోన్‌లో ఉండకూడదు.

ఏ ఇంటికి ఏ తాళం?

పిల్లలకు సొంత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే: గూగుల్ ఫ్యామిలీ లింక్. 2017 నుంచి ఉంది, రూపాయి ఖర్చు లేదు. మీ ఫోన్‌లో యాప్ వేసుకుని, పిల్లల పేరున వాళ్ల అసలు పుట్టినతేదీతో అకౌంటు తెరవండి. ఇక వాళ్లు కొత్త యాప్ వేసుకోవాలంటే మీకు కబురొస్తుంది. మీరు సరే అంటేనే అది దిగుతుంది. రోజుకు ఎంతసేపు, ఏ యాప్‌కు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి – అన్నీ మీరే పెట్టొచ్చు. ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది. ఒక మెలిక గుర్తుంచుకోండి. అందులో చెడ్డ సైట్లను ఆపే ఫిల్టర్ క్రోమ్ బ్రౌజర్‌కే పనిచేస్తుంది. పిల్లలు వేరే బ్రౌజర్ అడిగితే ‘సరే’ అనకండి. ఇంకో సంగతి: ఈ యాప్ పిల్లల మెసేజ్‌లు మీకు చదివి పెట్టదు. అది లోపం కాదు, ఉండాల్సిన మర్యాదే.

అమ్మ ఫోనే పిల్లల ఫోన్ అయితే: మన వీధిలో ఎక్కువ ఇళ్లు ఇలాంటివే. ఈ ఇళ్లకు ఫ్యామిలీ లింక్ అంతగా అక్కరకు రాదు. సెట్టింగ్స్‌లో ‘యాప్ పిన్నింగ్’ అని ఉంటుంది. అక్కడే, బయటికి రావాలంటే లాక్ నంబరు అడిగేలా పెట్టండి. ఇక యూట్యూబ్ కిడ్స్ తెరిచి పిన్ చేసి ఇస్తే, మీ లాక్ నంబరు కొట్టకుండా అందులోంచి ఫోన్‌పేలోకీ గ్యాలరీలోకీ పోలేరు. ప్లే స్టోర్‌లో ‘పేరెంటల్ కంట్రోల్స్’ తెరిచి, పిల్లల వయసును బట్టి 3+, 7+, 12+ లలో ఒకటి ఎంచుకుని, వాళ్లకు తెలియని పిన్ పెట్టండి. వాట్సాప్ ప్రైవసీలో ‘గ్రూపుల్లో నన్ను ఎవరు చేర్చవచ్చు’ అన్నచోట మీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకే వదలండి.

ఐఫోన్ ఉంటే: స్క్రీన్ టైమ్. 2018 నుంచి ఫోన్‌లోనే ఉంది, వేరే యాప్ అక్కర్లేదు. దానికి పెట్టే పాస్‌కోడ్, ఫోన్ తెరిచే పాస్‌కోడ్ ఒకటే కాకుండా చూసుకోండి.

ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే: మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ. క్యుస్టోడియో, నార్టన్ ఫ్యామిలీ వంటి డబ్బు కట్టే యాప్‌లూ ఉన్నాయి. ఫోన్, ల్యాప్‌టాప్, ట్యాబ్ అన్నీ ఒకేచోట చూసుకోవాలనుకునేవాళ్లకు అవి పనికొస్తాయి. ముందు ఉచితంగా దొరికేవి వాడి చూడండి, అవి చాలకపోతేనే డబ్బు తీయండి.

వైఫై ఉంటే: కేబుల్ నెట్ అబ్బాయిని పిలిచి రౌటర్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 1.1.1.3 అని, రెండో గడిలో 1.0.0.3 అని పెట్టమనండి. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న ఫ్యామిలీ ఫిల్టర్ ఇది. ఇంట్లో టీవీతో సహా ఆ వైఫై మీద నడిచే వాటన్నిటికీ బూతు సైట్లు చాలావరకు ఆగిపోతాయి. సిమ్ డేటాతో చూస్తే మాత్రం ఇది ఆపలేదు.

దొంగచాటు యాప్‌లకు డబ్బు పోయకండి!

‘మీ పిల్లలకు తెలియకుండా వాళ్ల చాటింగ్ అంతా చూడండి’ అంటూ ప్రకటనలొస్తాయి. ఆ యాప్‌లు పనిచేయాలంటే ఫోన్‌లో ప్లే ప్రొటెక్ట్ అనే గూగుల్ రక్షణను ఆపేయమంటాయి, బయటి ఏపీకే వేయమంటాయి, యాక్సెసిబిలిటీ అనుమతి ఇమ్మంటాయి. అంటే ఫోన్‌లో ఉన్న రక్షణ అంతా మన చేత్తోనే తీయిస్తాయి. మీ పిల్లల ఫోటోలు, మెసేజ్‌లు, తిరిగే చోట్లు ముందు ఆ కంపెనీ సర్వర్‌కు చేరతాయి. మీ దగ్గరికి వచ్చేది ఆ తర్వాతే.

అక్కడ అవి భద్రంగా ఉంటాయా? అమెరికాలో టీన్‌సేఫ్ అనే యాప్‌ను తల్లిదండ్రులే కొనుక్కున్నారు. 2018లో దాని సర్వర్‌కు తాళమే లేదని బయటపడింది. పిల్లల ఆపిల్ ఐడీలు, పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా అందులో కనిపించాయి. ఎమ్‌స్పై అనే ఇంకో నిఘా యాప్ సమాచారం 2015లో, 2018లో, మళ్లీ 2024లో బయటికి పొక్కింది. పిల్లల్ని కాపాడతామన్నవాళ్లే వాళ్లను బజారున పెట్టారు.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కించింది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. అంటే ‘అలౌ’ అని మీరు నొక్కే ప్రతిసారీ మీ బిడ్డ తరఫున సంతకం పెడుతున్నట్టే. అందుకని ఏ యాప్ వేసేముందైనా ఈ నాలుగూ అడగండి:

– ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో ఉందా?
– పిల్లల ఫోన్‌లో వాళ్లకు కనబడేలా ఉంటుందా, దాక్కుంటుందా?
– చేసే పనికి మించిన అనుమతులు అడుగుతోందా?
– వద్దనుకున్న రోజు అకౌంటునూ సమాచారాన్నీ చెరిపేసే దారి ఉందా?

ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఆ యాప్ వద్దు.

చెప్పి పెట్టమని ఎందుకంటున్నాం?

మోసం ఎలా మొదలవుతుందో చూడండి. గేములో ఎవడో తోడుగా ఆడతాడు. బాగా ఆడుతున్నావంటాడు. ఇన్‌స్టాగ్రామ్ ఐడీ అడుగుతాడు. కొన్నాళ్లకు ఒక ఫోటో అడుగుతాడు. ఆ తర్వాత ‘డబ్బు పంపు, లేదంటే ఈ ఫోటో మీ క్లాసందరికీ పంపుతా’ అంటాడు. అప్పుడు మన బిడ్డ మనసులో మెదిలే మొదటి మాట – ‘నాన్నకు తెలిస్తే చంపేస్తాడు’. వాడి పెట్టుబడి అంతా ఆ భయమే. చాటుగా నిఘా పెట్టి దొరికిపోయిన తల్లిదండ్రుల దగ్గరికి ఏ పిల్లా వచ్చి ఆ కష్టం చెప్పుకోదు. వాళ్లు రెండో అకౌంటు తెరుస్తారు, స్నేహితుడి ఫోన్ వాడతారు.

అందుకే యాప్ వేసే రోజు ఇలా చెప్పండి: “చూడు నాన్నా, ఇది నీ ఫోన్‌లో పెడుతున్నా. నువ్వెంతసేపు చూశావో, ఏ యాప్ అడిగావో నాకు తెలుస్తుంది. నీ మెసేజ్‌లు మాత్రం నేను చదవను. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఆగిపోతుంది. నిన్నెవరైనా భయపెడితే, సిగ్గుపడే పని చేయమంటే, ముందు నాకు చెప్పు. తిట్టను. ఫోన్ లాక్కోను.”

ఆ చివరి రెండు మాటలూ నిలబెట్టుకోవాలి. వాళ్ల వయసు పెరిగేకొద్దీ పట్టు కొంచెం కొంచెం వదలాలి. ఏడేళ్ల పిల్లకు పెట్టిన గంటలే పదిహేనేళ్ల పిల్లకూ పెడితే, తప్పించుకునే దారి ఆమే వెతుక్కుంటుంది. ఇంకొకటి, అన్నం తినేటప్పుడు ముందు మన ఫోన్లు పక్కన పెడదాం.

ఆపద వస్తే ఇలా చేయండి

– డబ్బు పంపకండి. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు.
– చాట్లు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి, బెదిరించినవాడి ఐడీ రాసిపెట్టుకుని, ఆ తర్వాతే బ్లాక్ చేయండి.
– 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పిల్లల మీద జరిగే నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు.
– పిల్లలే నేరుగా పిలవగలిగే నంబరు 1098. పగలైనా రాత్రైనా పలుకుతారు. ప్రాణాపాయం అనిపిస్తే 112.
– ఫోటో బయటికి పోయిందని భయంగా ఉంటే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటదు. దాని డిజిటల్ గుర్తు మాత్రమే తీసుకుని, ఆ సేవలో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల ఆ ఫోటోను ఆపడానికి వాడతారు.
– స్టేషన్‌కు వెళ్తే పరువు పోతుందని ఆగకండి. 2012 పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, వాళ్లకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళే అయి ఉండాలి. బిడ్డ పేరు బయటికి రాకూడదు.
– ‘అందరూ జాగ్రత్తపడతారు కదా’ అని పిల్లల అసభ్య వీడియోను గ్రూపుల్లో పంపకండి. ఐటీ చట్టం 67బి కింద అది మీ మీదికే కేసై వస్తుంది.

వీళ్లనూ అడుగుతున్నాం

బడి యాజమాన్యాలూ! హోంవర్క్ ఫోన్‌కు పంపుతున్నది మీరే. ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో అరగంట ఈ సెట్టింగ్స్‌కు కేటాయించండి. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపుల్లో హోంవర్క్ పెట్టకండి.

మొబైల్ షాపు అన్నలూ! పిల్లల కోసమని ఫోన్ కొంటే అసలు పుట్టినతేదీతోనే అకౌంటు తెరవండి. ఫ్యామిలీ లింక్ పెట్టి ఇవ్వండి. స్క్రీన్ గార్డ్ అతికించినంత సేపే పడుతుంది.

కేబుల్ నెట్ తమ్ముళ్లూ! అడిగిన ప్రతి ఇంటికీ ఆ డీఎన్‌ఎస్ మార్చి పెట్టండి.

రండి, కలిసి పెట్టుకుందాం!

ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదంది. మన దగ్గర చట్టాలు ఎప్పుడు ఎలా మారినా, మన ఇంట్లో ఫోన్‌కు పెట్టాల్సిన కట్టుబాటు మన చేతిలోనే ఉంది.

ఈ ఆదివారం ఉదయం పది గంటలకు రామాలయం పక్కన కమ్యూనిటీ హాల్‌కు రండి. మీ ఫోన్, పిల్లల ఫోన్, ఛార్జర్ తెచ్చుకోండి. పిల్లల్నీ వెంట తీసుకురండి, వాళ్లు లేకుండా ఏ ఫోన్‌నూ ముట్టుకోం. డిగ్రీ చదివే మన వీధి పిల్లలు పక్కన కూర్చుని చూపిస్తారు. మీ పాస్‌వర్డ్, పిన్ మీరే కొట్టుకోవాలి, ఎవరికీ చెప్పకండి. చదువు రాని అమ్మలు కూడా సంకోచం లేకుండా రండి, మీ ఫోన్‌కు తాళం మీ చేతే వేయిస్తాం. ప్రవేశ రుసుము లేదు, ఏ యాప్ అమ్మకమూ ఉండదు.

రాలేనివాళ్లు ఈ రాత్రే పుట్టిన సంవత్సరం సరిచేసి, యూపీఐ పిన్ మార్చండి. ఈ కాగితం చదివి పారేయకండి, పక్కింటివాళ్ల చేతిలో పెట్టండి.

ఇట్లు,
మీ వీధిలోని తోటి తల్లిదండ్రులు