ఫాదర్‌గారి కోసం ప్రార్థించామా?

‘లిటిల్ ఫ్లవర్’ పేరుతో మన పట్టణాల్లో ఎన్నో పాఠశాలలున్నాయి. మన సంఘాల పిల్లలు కూడా అక్కడ చదువుకున్నారు. ఆ పేరు ఎవరిదో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఫ్రాన్స్‌లోని లిసియూ పట్టణంలో జీవించిన తెరెసాకు క్యాథలిక్కులు ముద్దుగా పెట్టుకున్న పేరది. మన మదర్ తెరెసా తన పేరును ఆమె నుంచే తీసుకున్నారు. 1873లో పుట్టిన ఆమె 15 ఏళ్లకే కార్మెల్ మఠంలో చేరి, క్షయవ్యాధితో 1897లో 24 ఏళ్లకే కన్నుమూసింది. మఠంలో చేరాక ఆ గడప దాటలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు. తాను అక్కడికి వచ్చింది ఆత్మల రక్షణ కోసం, ముఖ్యంగా గురువుల కోసం ప్రార్థించడానికేనని చెప్పింది.

గురువుల కోసం ప్రార్థించడమెందుకు, వారు పరిశుద్ధులే కదా! చిన్నప్పుడు ఆమె కూడా అలాగే అనుకుంది. 1887లో తండ్రితో కలిసి రోమ్ యాత్రకు వెళ్లినప్పుడు ఎందరో గురువులను దాదాపు నెలరోజులు దగ్గరగా చూసింది. వారి పిలుపు గొప్పదే గాని వారూ బలహీనతలున్న మనుషులేనని గ్రహించింది. అలా గ్రహించినవారు సాధారణంగా విమర్శకులవుతారు. ఆమె ప్రార్థనాపరురాలైంది.

ఆమె అర్పణలు చాలా చిన్నవి. బట్టలుతికేచోట తోటి సోదరి మురికినీళ్లు ముఖంపై చిందిస్తుంటే విసుక్కోకుండా నిలబడింది. తనకు బొత్తిగా గిట్టని సోదరిని చిరునవ్వుతో పలకరించింది. జబ్బుతో అడుగు పడని రోజుల్లో, దూరదేశంలో అలసిపోయిన ఒక మిషనరీ కోసమంటూ తోటలో నడిచింది.

ఆ రోజుల్లో హయసింత్ లువాజోన్ అనే పేరుమోసిన ప్రసంగీకుడుండేవాడు. ఆయనా కార్మెల్ మఠవాసియే. 1869లో మఠాన్ని వదిలేశాడు, పోపు పొరపాటు పడరన్న సిద్ధాంతాన్ని ఎదిరించాడు, 1872లో పెళ్లి చేసుకున్నాడు. క్యాథలిక్కులకు ఆయన ద్రోహి. తెరెసా మాత్రం సోదరుడనే తలచి ఏళ్ల తరబడి ప్రార్థించింది. 1897 ఆగస్టు 19న తాను తీసుకున్న చివరి ప్రభు భోజనాన్ని ఆయన కోసమే సమర్పించింది. 1912లో చనిపోయేవరకూ ఆయన తిరిగి రాలేదు. ఆయన నిర్ణయంపై ప్రొటెస్టెంట్లుగా మన అభిప్రాయం వేరు కావచ్చు. కానీ తనవారంతా తిట్టిపోసిన మనిషి కోసం, ఫలితం కనబడకపోయినా మోకరించిన ఆ ప్రేమ మనకు పాఠం.

మన త్యాగాలు ఇతరులకు పుణ్యం సంపాదిస్తాయా? సంపాదించవు. క్రీస్తు ఒక్కసారే అర్పించిన బలికి మనం చేర్చవలసింది ఏదీ లేదు (హెబ్రీ 10:10). ఈ విశ్వాసంలో రాజీ అక్కర్లేదు. అయితే మేలు చేయడం, ఉన్నది పంచుకోవడం దేవుడు మెచ్చే అర్పణలని అదే పత్రిక చెబుతోంది (హెబ్రీ 13:16). ఒకరి కోసం ఏదైనా వదులుకున్నప్పుడే వారు మన హృదయంలో నిలుస్తారు. దేవుడెప్పుడూ కఠినుడు కాడు, మెత్తబడవలసింది మనమే.

ఇక్కడ మేమూ ఒప్పుకోవాలి. మా ఉపవాస ప్రార్థనలో ముఖ్యమంత్రి మొదలు పరీక్షలు రాసే పిల్లల వరకూ అందరినీ తలుచుకుంటాం. అదే వీధి చివర ఆర్‌సీఎం చర్చిలోని ఫాదర్‌గారి పేరు ఆ జాబితాలో ఎన్నడూ లేదు. పైగా పుల్పిట్ మీద నుంచి ఆయన సంఘాన్ని విమర్శించి, విశ్వాసులతో ఆమెన్ అనిపించుకున్న ఆదివారాలున్నాయి. ప్రసంగం తేలిపోయిన రోజు మా బాధ వినడానికి ఇంట్లో పాస్టరమ్మ ఉంటుంది. ఆయన తలుపు తీసుకుని లోపలికి వెళితే పలకరించేవారు లేరు. అర్ధరాత్రి మరణవార్త వస్తే మాత్రం మాలాగే ఆయనా లేచి వెళ్లాలి.

వారి తప్పుల మాటేమిటని కొందరు అడగవచ్చు. 2002లో అమెరికాలోని బోస్టన్‌లో కొందరు గురువులు పిల్లలపై చేసిన అకృత్యాలు, పెద్దలు వాటిని కప్పిపుచ్చిన తీరు లోకానికి తెలిశాయి. అలాంటిచోట మన మొదటి ప్రార్థన బాధితుల కోసమే. నేరం కోర్టుకు వెళ్లాల్సిందే, ప్రార్థన దానిపై కప్పే దుప్పటి కారాదు. మన సంఘాలూ ఇలాంటి పాపాలకు అతీతం కావు. అయితే ప్రభువు పేతురు కోసం ప్రార్థించింది అతడు పడిపోకముందే (లూకా 22:32). మనమైతే సేవకుడు పడిపోయాకే నోరు తెరుస్తాం.

అందుకే ఈ వారం రోజుకొక చిన్న త్యాగం చేద్దాం. ఒక పూట టీ మానేసి ఆ డబ్బు ఒక పేదకు ఇద్దాం. టీవీ సీరియల్ కట్టేసి పది నిమిషాలు మోకరిద్దాం. ఫాదర్‌గారిపై హేళనగా రాబోయిన మాటను పెదవి దాటనివ్వకుండా ఆపుకుందాం. ఆయనకు తెలియనవసరం లేదు, తండ్రికి తెలిస్తే చాలు. సిలువకు ముందు రాత్రి ప్రభువు, తనను నమ్మబోయే వారంతా ఏకమై ఉండాలని వేడుకున్నాడు (యోహాను 17:21). ఆ ప్రార్థనలో మన వీధి చివరి ఫాదర్‌గారూ ఉన్నారు. మన ప్రార్థనలో ఎందుకు ఉండకూడదు?