రేవు మెట్లకు గేటు వద్దు

కోల్‌కతాలో హుగ్లీ నది రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుంది. సముద్రం వంద కిలోమీటర్లకు పైగా దిగువన ఉన్నా, పోటు ఎక్కితే ఆ ఉరవడి నగరాన్ని దాటి పైకి పోతుంది. ఆటు తీసిందంటే రేవుల్లో అడుగు మెట్లు బురదతో సహా బయటపడతాయి. కొన్ని పున్నములకు, అమావాస్యలకు నీరు గోడకట్టి వస్తుంది. దాన్ని అక్కడివాళ్ళు ‘బాన్’ అంటారు. ఆ వేళకు పడవలవాళ్ళు ఒడ్డు వదిలి నడి నదిలోకి వెళ్ళిపోతారు. స్నానానికి దిగే ముసలమ్మకు కూడా ఏ రోజు ఏ వేళకు పోటో తెలుసు. అలాంటి నదికి ఇప్పుడు పార్కు వేళలు పెడుతున్నారు. నది దగ్గరికి పోయే దారికి టికెట్ ఉండకూడదు, తాళం అసలే ఉండకూడదు.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. స్ట్రాండ్ రోడ్డు పొడవునా ఒకప్పుడు ఓడల సరుకు దిగేది. పూడిక పెరిగింది. దాన్ని కొట్టుకుపోయేలా చేయడానికి 1975లో ఫరక్కా బ్యారేజీ నుంచి నీళ్ళు మళ్ళించారు. రెండేళ్ళకు దిగువన హల్దియా డాక్ వచ్చింది. పాత గోదాములు బోసిపోయాయి. ఒడ్డున చాలా మేరకు పోర్టుదే భూమి. ఓడలు రానిచోట ఆ భూమి లీజు ఆదాయంగా కనిపించడం మొదలైంది. పైగా నగరానికీ నీటికీ మధ్య సర్క్యులర్ రైలు పట్టాలు. చాలా రేవులకు పట్టాలు దాటే పోవాలి. మిలీనియం పార్కుకు టికెట్ పెట్టారు. ప్రిన్సెప్ ఘాట్ దగ్గర నడక బాట వేసి దీపాలు పెట్టారు. సాయంత్రం పిల్లాపాపలతో జనం వస్తున్నారు, సంతోషమే. కానీ రెయిలింగ్ మీంచి నదిని చూడటం వేరు, నీళ్ళలో కాలు పెట్టడం వేరు.

తెల్లవారకముందు హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్‌కు వెళ్తే ఈ తేడా తెలుస్తుంది. బంతిపూల దండలను మోపులు కట్టి నెత్తిన పెట్టుకున్న కూలీలు మనుషుల్ని తోసుకుంటూ నడుస్తారు. కాళ్ళ కింద రేకులు, బురద కలిసి జారుతుంటాయి. నాలుగు మెట్లు దిగితే ఒకాయన తర్పణం వదులుతుంటాడు, పక్కనే ఇంకొకరు బట్టలు ఉతుకుతుంటారు. ఈ రద్దీకి ఏ సుందరీకరణ నమూనాలోనూ చోటు లేదు. గీసిన బొమ్మల్లో ఎప్పుడూ బెంచీలు, మొక్కలు, తీరిగ్గా నడిచేవాళ్ళే.

బాబూఘాట్‌ను 1830లో కట్టించింది రాణీ రాస్‌మణి భర్త. ఆమె గురించి బెంగాల్లో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. చేపల పడవల మీద ఈస్టిండియా కంపెనీ పన్ను వేస్తే, జాలర్లు ఆమె దగ్గర మొర పెట్టుకున్నారట. ఆమె పదివేల రూపాయలు కట్టి నదిలో కొంతభాగం కౌలుకు తీసుకుని, అడ్డంగా ఇనుప గొలుసులు వేయించి కంపెనీ ఓడల్నే ఆపేసిందట. చివరికి పన్ను పోయింది. నది ఎవరిదన్న తగవు అక్కడ కొత్తది కాదు.

చట్టమూ జనం పక్షానే ఉంది. బియాస్ నది ఒడ్డు భూమిని ఒక మోటెల్‌కు లీజుకిచ్చిన కేసులో, నదుల వంటి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, ఆ లీజును కొట్టేసింది. ధర్మకర్త గుడి తలుపులకు తాళం వేసి ప్రవేశ రుసుము వసూలు చేస్తే భక్తులు ఊరుకుంటారా?

ఇది మనకు దూరపు గొడవ కాదు. ఇదే నది ఒడ్డున టిటాగఢ్ జూట్ మిల్లుల్లో ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు తరాలుగా బతికాయి. మిల్లులు మూతపడినచోట నది ఒడ్డు స్థలం మీద బిల్డర్ల కన్ను పడక మానదు. ఇటు హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు పథకం మాటల్లో ఉంది. అక్కడ పోటు లేదు, కానీ ఒడ్డున ఎవరికి చోటు అన్న ప్రశ్న ఉంది.

రేవుల్లో చెత్త, దొంగతనాలు, మునిగిపోయే ప్రమాదం ఉన్నాయని అధికారులు అంటారు. నిజమే. అందుకు తుడిచేవాళ్ళు, దీపాలు, పట్టుకోవడానికి గొలుసులు, బాన్ వచ్చే రోజున మైకులో హెచ్చరిక కావాలి. గేటు ఎందుకు? 2024లో నది కింద మెట్రో వచ్చింది, మంచిదే. ఆ సాకుతో నది దాటించే లాంచీలు తగ్గించకూడదు. మూటలు, బుట్టలు మోసుకొచ్చేవాళ్ళకు అవే ఆధారం.

పోర్టు ఇకముందు రాసే ప్రతి లీజులోనూ నీటి అంచున జనం నడిచే దారి ఉచితంగా ఉండాలన్న షరతు పెట్టాలి. ఆ షరతు లేని పాత లీజుల్ని గడువు తీరాక పొడిగించకూడదు. విరిగిన మెట్లను అట్టడుగు ఆటు మట్టం దాకా బాగుచేయాలి. పూలవాళ్ళు, జాలర్లు, లాంచీ కార్మికులు కూర్చుని ఒప్పుకోనిదే ఏ నమూనాకూ టెండరు పిలవకూడదు.