సభలలో మన తీరు

సూరత్‌లోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల తెలుగు మరమగ్గ కార్మికుల సభలకు వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. తొమ్మిదింటికని పిలిచిన సభ పదిన్నరకు గాని మొదలు కాదు. పన్నెండు గంటల రాత్రి పాళీ దిగి వచ్చినవారు గోడకు చేరగిలబడతారు. మన స్వాగతోపన్యాసమే వారికి జోలపాట.

“రెండే రెండు మాటలు” అంటూ లేచిన పెద్దమనిషి ప్రపంచ పరిస్థితితో ఆరంభించి, 2002లో మూతపడిన వరంగల్ ఆజంజాహీ మిల్లు మీదుగా సూరత్ చేరేసరికి ముప్పావు గంట గడుస్తుంది. (ఆ పెద్దమనిషి తరచుగా మేమేనని ఒప్పుకొనక తప్పదు.) తరువాతి వక్త దానితో పూర్తిగా ఏకీభవించి, అదంతా మళ్లీ మొదటినుంచి చెబుతాడు. సభలో మౌనముని అయినవాడు బయట చాయ్ బండి దగ్గర మహావక్త అవుతాడు.

అయితే ఈ మౌనాన్ని పరిహసించడానికి మాకు మనసొప్పదు. నూరుమందికి తక్కువ కాని కార్మికులున్న సంస్థలలో వర్క్స్ కమిటీ ఏర్పాటుకు 1947 పారిశ్రామిక వివాదాల చట్టం వీలు కల్పించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడు కూడా ఆ సంఖ్యనే వుంచింది. సూరత్ మరమగ్గాల కార్ఖానాలు చాలావరకు చిన్నవి, ఆ లెక్కకు అందనివి. అక్కడ సమావేశమంటే, సేఠు పిలిచినపుడు మగ్గాల హోరులో నిలబడి తల ఊపడమే. మీటరు లెక్కన కూలి తీసుకునేవానికి నియామక పత్రమైనా వుండదు. నోరు విప్పితే రేపు మగ్గం వుంటుందో లేదో తెలియదు. అట్టివాడు మన సభకు వచ్చి కూడా నోరు విప్పలేదంటే, మనం సందివ్వలేదన్న మాట.

ఒక సభలో వందన సమర్పణ సైతం ముగిసింది. చాపలు చుడుతుండగా, తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్న కార్మికుడొకడు లేచి, “అన్నా, గుడ్డ కొలిచేటప్పుడు మనవాడొకడు పక్కన వుండకూడదా?” అని అడిగాడు. రెండున్నర గంటల మన ఉపన్యాసాలలో ఆ మాట ఒక్కసారైనా రాలేదు. చాపలు మళ్లీ పరిచాము. నిద్రపోతున్నవారు కూడా లేచి మాట్లాడారు. భోజనాల వేళ దాటినా ఎవరూ కదలలేదు.

కనుక ఇకమీదట సభలలో కార్మికుల ప్రశ్నలు ముందు, నాయకుల నివేదికలు తరువాత వుండాలని మా అభిప్రాయం. కొందరు కార్యదర్శులు నొచ్చుకోవచ్చు. వేళ చాలక మిగిలిపోయిన అధ్యక్షోపన్యాసాలను ఈ పత్రికకు పంపవచ్చు, కుదించడానికి సంపాదకులున్నారు.